నైటీ మీది నెమళ్ళు

డిగ్రీ ఆఖరి ఏడాది నేను రాసిన ప్రాజెక్టు పేపర్ పుణ్యమా అని నా మీద రెండు దొంగతనాలు పడ్డాయి. ఎక్కడి నుంచో ఎత్తుకొచ్చి రాశానన్నది ఒకటి. ఇంట్లో ఉన్నది ఎత్తుకెళ్ళి ఎవరికో ఇచ్చానన్నది రెండోది. మొదటి నింద మా కాలేజీ మేడం వేశారు, రెండోది మా మేనత్త వేసింది. వాళ్ళిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, నేను తెచ్చే దొంగనా ఇచ్చే దొంగనా ముందు మీరు తేల్చుకోండి అని అడగాలని చాలాసార్లు అనిపించింది. ఆ అవకాశం రాలేదు.

అప్పటికి తెలంగాణ వచ్చి కొన్నేళ్ళయింది. నేను నల్లగొండలో చదువుతున్నాను. చివరి సెమిస్టర్‌లో ప్రతి ఒక్కరూ ఒక ప్రాజెక్టు చేయాలి. ఊళ్ళకు వెళ్ళాలి, మనుషులతో మాట్లాడాలి, విన్నది రాసి బైండింగ్ చేయించి ఇవ్వాలి, తర్వాత వైవాకు కూర్చోవాలి. ఇది పైకి చెప్పే సంగతి. జరిగేది వేరు. జెరాక్స్ షాపుల్లో పాత ప్రాజెక్టులు దొరికేవి. పైన పేరు మార్చి, లోపల ఊరి పేరు మార్చి, మెరిసే అట్ట వేసి ఇచ్చేవారు. మా క్లాసులో ఒకమ్మాయి మహిళా సంఘాల మీద ఇచ్చిన పేపర్‌లో కేతేపల్లి పక్కన ఉన్నట్టుండి సముద్రం వచ్చింది. ఆడవాళ్ళంతా చేపలు ఎండబెడుతున్నారు. ఆ పిల్ల ఊరి పేరైతే మార్చింది గానీ సముద్రాన్ని తీసేయడం మరిచిపోయింది.

అలాంటివి చూసి చూసి మా మేడంకు ఎవరినీ నమ్మే అలవాటు లేకుండా పోయింది. జ్వరమొచ్చిందని సెలవు చీటీ రాసిస్తే కూడా చదివి, కళ్ళజోడు పైకెత్తి, "ఇది నువ్వే రాశావా?" అని అడిగే మనిషి.

నేను చేనేత తీసుకున్నాను. గొప్ప ఆశయమేమీ లేదు. మోత్కూరులో మేనత్త ఇంట్లో మగ్గాలున్నాయి. బస్సెక్కి పోతే అన్నం పెడుతుంది, అడిగింది చెబుతుంది, పని అయిపోతుంది అనుకున్నాను. మా బాపు నేను పుట్టకముందే మగ్గం దిగి నల్లగొండలో ఒక బట్టల దుకాణంలో సేల్స్‌మన్‌గా కుదిరాడు. ఆయన చెల్లెలు మాత్రం నేత ఇంట్లో పుట్టి నేత ఇంటికే కోడలిగా పోయింది. అత్తా మామా ఇద్దరూ నేస్తారు. బాపుకు ఎక్కడ చేనేత చీర కనిపించినా మడత విప్పి చూసి, "మా చెల్లె నేస్తె ఇంకింత మంచిగ ఉంటది" అని పక్కవాడికి చెప్పకపోతే అన్నం సహించదు. ఇంట్లో మేమందరం ఆ మాటకు నవ్వేవాళ్ళం.

అత్త వాళ్ళ వాడలో అనుమానం వంటింట్లో ఉప్పు లాంటిది. అది లేని ఇల్లు ఉండదు. కొత్త మనిషి వీధి మొదట్లో కనిపిస్తే చాలు, ఎవరో ఒకరు గట్టిగా దగ్గుతారు. ఆ దగ్గు ఇల్లు దాటి ఇల్లు పోతుంది. మగ్గాల చప్పుడు ఒక్కొక్కటిగా ఆగుతుంది. ఆ మనిషి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ప్రతి మగ్గం మీదా ఒక పాత దుప్పటి కప్పి ఉంటుంది. వచ్చింది కరెంటు బిల్లు ఇచ్చేవాడైనా, పెళ్ళి పత్రిక తెచ్చిన వియ్యపురాలైనా అంతే. ఫోను కూడా అరుగు మీద పెట్టి లోపలికి పోవాలి. అత్త ఇంటి అరుగు మీద దానికోసం ఒక సత్తు పళ్ళెం కూడా ఉండేది.

దానికి కారణం లేకపోలేదు. వాళ్ళు నేసేది చిటికీ చీరలు. దారాన్ని ముందే లెక్క ప్రకారం చిన్న చిన్న ముడులు కట్టి రంగులో ముంచుతారు. ముడి ఉన్నచోట రంగు ఎక్కదు. ఒక రంగు ఆరాక ముడులు విప్పి, మళ్ళీ వేరే చోట కట్టి, మళ్ళీ ముంచుతారు. పువ్వయినా పిట్టయినా దారంలోనే తయారై మగ్గం ఎక్కుతుంది. నెలల తరబడి వేళ్ళు అరగదీసుకుని తయారు చేసిన డిజైన్‌ను ఎవరైనా ఒక్క ఫొటో తీసుకుంటే, యంత్రం మీద ఒక పూటలో అచ్చు కొట్టేస్తారు. అందుకే ఆ దుప్పట్లు.

మొదటిసారి నేను పోయినప్పుడు ఫోను పళ్ళెంలో పెట్టించలేదు. అన్న కూతురిని కదా. కానీ దుప్పటి మాత్రం తీయలేదు. మంచినీళ్ళు ఇచ్చి, ఎదురుగా కూర్చుని, నేను అడగాల్సిన ప్రశ్నలన్నీ తనే అడిగింది.

"ఏం రాస్తవే గా పేపర్ల?"

"మీ పని గురించి అత్తా. ఎట్ల నేస్తరు, ఏం కష్టాలున్నయ్, గట్ల."

"ఎవలు సదువుతరు?"

"మా మేడం."

"ఆమె సదివి ఎవల్కిస్తది?"

"ఎవల్కియ్యదు. మార్కులేస్తది."

"ఉత్త మార్కుల కోసమేనా గింత దూరం వచ్చినవ్?" అని నా మొహం వంక చాలాసేపు చూసింది. మగ్గం గుంటలో కూర్చున్న మామ నవ్వాడు. ఆయన మాట్లాడటం తక్కువ. అత్త ఇద్దరి మాటలూ తనే మాట్లాడేది.

ఆరోజు ఆమె నాకు చెప్పినవన్నీ ఊరంతటికీ తెలిసిన విషయాలే. నూలు ఎక్కడ దొరుకుతుంది, మగ్గానికి ఏమేం భాగాలుంటాయి, పొద్దున ఎన్నింటికి లేస్తారు. బడి పుస్తకంలో ఉండే పాఠం. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అది చదువుకుంటే నాకే ఆవులింత వచ్చింది. మేడంకు ఇది చూపిస్తే ఏ షాపులో కొన్నావని అడగడం ఖాయమనుకున్నాను.

మళ్ళీ పోయాను. మళ్ళీ మళ్ళీ పోయాను. ఒకనాడు అత్త విసుగ్గా, "కాయితం పక్కకు వెట్టి గిది వట్టు" అని నా చేతిలో దారం కొస, రబ్బరు పేలికలు పెట్టింది. సైకిల్ ట్యూబులను సన్నగా చీల్చిన పేలికలు అవి. మధ్యాహ్నమంతా ముడులు కట్టాను. వేలి కొసలు మండిపోయాయి. నేను కట్టిన ముడుల్ని గోటితో ఒక్కొక్కటే లాగి చూసి, సగం విప్పేసింది. మిగిలిన సగాన్ని ఉంచింది. సాయంత్రం చాయ్ తాగాక ఏమనుకుందో, లేచి దుప్పటి తీసేసింది.

మగ్గం మీద మామిడి చిగురు రంగు నేల, దాని మీద ఎదురెదురుగా నిలబడిన నెమళ్ళు. నెమళ్ళ చీరలు నేను చాలా చూశాను. వీటికి కాళ్ళున్నాయి. సన్నటి కాళ్ళు, విప్పుకున్న వేళ్ళు. చిటికీలో అంత సన్నటి గీత తేవడం కష్టమని, అందుకే చాలామంది పిట్టను ఏ పువ్వు మీదో కూర్చోబెట్టి కాళ్ళు మాయం చేస్తారని అత్త చెప్పింది. చెబుతూ ఆ కాళ్ళ మీద వేలితో రాసింది.

"దీనికి బోణీ దసరాకే అయింది. అమ్మవారికి కట్టించినం. మా వంతు వచ్చిన నాడు మొదటి చీర గీదే ఇచ్చినం" అంది.

వాడలో దసరాకు మండపం పెడతారు. తొమ్మిది రోజులూ అమ్మవారికి రోజుకొక ఇంటి చీర. ఏ ఇంటివాళ్ళయినా కొత్త డిజైన్ తీస్తే తొలి చీర అమ్మవారికే ఇస్తారు. ఆమె కట్టుకున్న డిజైన్ బాగా పోతుందని నమ్మకం. పెళ్ళిళ్ళ కాలం కోసం అత్త వాళ్ళు ఆ నెమళ్ళ చీరలే వరసగా నేస్తున్నారు. ఆ ఏడాది ఆశంతా వాటి మీదే పెట్టుకున్నారు.

ఫొటోలు తీసుకుంటానని అడిగాను. అత్త మామ వంక చూసింది. మామ తలూపాడు.

"మీ మేడంకు దప్ప ఎవల్కి సూపియ్యకు బిడ్డా" అంది. సరేనన్నాను. ఆ ఇంట్లో అప్పటిదాకా ఆ మగ్గాన్ని ఫొటో తీసింది నేనొక్కదాన్నే. ఆ సంగతి నాకు గొప్పగా అనిపించింది.

ఇంటికొచ్చి రెండో అధ్యాయం ఒక్క ఊపున రాసేశాను. మేడం చదివారు. పేజీ తిప్పారు, మళ్ళీ వెనక్కి తిప్పారు. కళ్ళజోడు పైకెత్తారు.

"ఈ అధ్యాయం ఎక్కడిది?"

"నేనే రాశాను మేడం."

"'ముడి వదులైతే రంగు దూరుతుంది, చెయ్యి బరువైతే దారం తెగుతుంది.' ఈ వాక్యం నీదేనా?"

"మా అత్తది మేడం."

"మీ అత్త రాసిన పుస్తకం పేరేంటి?"

మా అత్త సంతకం పెట్టడానికే పెన్ను పట్టుకుంటుందంటే ఆవిడ నమ్మలేదు. నా అధ్యాయాన్ని ఏదో సాఫ్ట్‌వేర్‌లో వేసి చూశారట. అది తెలుగును గుర్తుపట్టలేక ఏమీ దొరకలేదని చెప్పింది. దాంతో ఆవిడ అనుమానం పోలేదు సరికదా, ఇంటర్నెట్‌లోనే దొరకనంత పాత పుస్తకం నుంచి ఎత్తానని తేల్చుకున్నారు. "ఫొటోలైనా నువ్వే తీశావని ఏమిటి నమ్మకం? అసలు ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో తెచ్చివ్వు" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. మండుతూనే, ఈవిడకు అసలు ఫైళ్ళెందుకు అన్న అనుమానం కూడా వచ్చింది. నేనూ ఆ నేతవాళ్ళ రక్తమే కదా. అయినా ఇవ్వక తప్పలేదు. రంగు ప్రింట్ల కోసం జెరాక్స్ షాపులో కూడా అవే ఫొటోలు ఇచ్చాను.

ఇది జరిగిన కొద్దివారాలకు, అడగాల్సినవి ఇంకా ఏవో మిగిలిపోయాయని మోత్కూరు వెళ్ళాను. వీధి మొదట్లో అడుగుపెట్టగానే ఎవరో దగ్గారు. నా వెనక ఎవరైనా కొత్తవాళ్ళు వస్తున్నారేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు. నా ముందు ఒక్కో మగ్గం ఆగిపోతూ వచ్చింది. ఆ దగ్గు నాకోసమేనని అరుగు దగ్గరికి వచ్చేదాకా అర్థం కాలేదు.

అత్త ఇంట్లో రెండు మగ్గాల మీదా దుప్పట్లు. గోడకు కొట్టిన మేకుకు ఒక నైటీ వేలాడుతోంది. మామిడి చిగురు రంగు నైటీ. దాని నిండా ఎదురెదురుగా నెమళ్ళు.

"అత్తా, గిదేంది?"

"నువ్వే చెప్పాలె."

నేను మేకు వైపు ఒక అడుగు వేశాను.

"అంగట్ల కుప్పవోసి అమ్ముతాండ్రు. నా నెమళ్ళు నైటీల మీదికెక్కినయ్. గివాటిని ఏసుకొని ఆడోళ్ళు బయట చెత్త పారవోస్తాండ్రు. చీరలు తీస్కపోయే షావుకారు ఇగ వద్దన్నడు. నైటీల వచ్చిన డిజైను చీర మీద ఎవలు కట్టుకుంటరని అడిగిండు."

"నేనెవల్కియ్యలేదత్తా. ఒట్టు."

"మరి ఫొటో కొట్టింది ఎవలు? నువ్వు దప్ప గీ ఇంట్ల మగ్గం ఫొటో కొట్టినోళ్ళున్నరా?"

"మా మేడంకు ఇచ్చిన. ఇంకెవల్కియ్యలే."

"నీ మేడం నాకేమన్న సుట్టమా? నాకు నువ్వే ఎర్క."

మామ వంక చూశాను. ఆయన దుప్పటి కప్పిన మగ్గం ముందు కూర్చుని దాని అంచు పోగులు లాగుతున్నాడు. తల ఎత్తలేదు. అత్త గొంతు తగ్గించి, "ఆ పేపర్ల నా పేరు రావొద్దు. నా ఇల్లు, నా పని, నేను చెప్పిన మాట ఏదీ రావొద్దు. ఇగ నువ్వు వో" అంది. గొడవ పెట్టుకుని అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. అలా మెల్లగా చెప్పేసరికి తల కొట్టేసినట్టయింది. పేపర్ పోతే పోయింది, ఏదో ఒకటి రాసుకోవచ్చు. చిన్నప్పుడు సెలవులకు పోతే నన్ను పక్కలో వేసుకుని పడుకోబెట్టుకున్న మనిషి నన్ను దొంగను చేసి పంపుతోంది. నేను కానని ఆమెకు ఎలాగైనా తెలియాలి. నాకు కావలసింది అదొక్కటే.

పోయే ముందు ఆ నైటీ ఇవ్వమని అడిగాను. మేకు మీంచి లాగి నా మీదికి విసిరింది. విప్పి చూశాను. నెమళ్ళకు కాళ్ళు లేవు. కాళ్ళుండాల్సిన చోట అడ్డంగా నారింజ రంగు గుండ్రటి బొట్ల వరస ఉంది.

"అత్తా, కాళ్ళు లెవ్వు. గీ బొట్లేంది? నీ చీర మీద లేవు గదా?"

"దొంగలు పట్టువడకుంట ఏదో ఒకటి కలుపుతరు" అని లోపలికి వెళ్ళిపోయింది.

బస్సులో ఆ నైటీని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. పక్క సీటు పెద్దావిడ, నైటీ కోసం ఏడుస్తున్నాననుకుందేమో, "సైజు సరిపోలేదా బిడ్డా, మార్చిస్తరు పో" అంది.

నల్లగొండ చేరేసరికి ఏడుపు పోయి కోపం మిగిలింది. దొంగెవరో పట్టుకోవాలి. నా మొదటి అనుమానం మేడం మీద. మర్నాడు స్టాఫ్‌రూమ్‌కు పోయి ఏదో వంకతో పెన్‌డ్రైవ్ అడిగాను. ఆవిడ సొరుగు లాగారు. అందులో మా క్లాసు పెన్‌డ్రైవులన్నీ కలగలిసి పడి ఉన్నాయి. "నువ్వు అసలు ఇచ్చావా?" అని నన్నే అనుమానంగా చూశారు. నాది వెతికి తీస్తే మూతకు నేను అంటించిన పేరు చీటీ చింపకుండా అలాగే ఉంది. నా ఫొటోలు నావో కావో తేల్చుకుంటానన్న మనిషి దాన్ని తెరవనే లేదు. అయినా నటిస్తున్నారేమోనని ఆ వారమంతా ఆవిడ కట్టుకొచ్చిన చీరలన్నీ గమనించాను.

తర్వాత, అత్త ముందు నాకు గుర్తే రాని జెరాక్స్ షాపు. అక్కడ కంప్యూటర్ మీద ఊరందరి ఆధార్ కార్డులూ, పెళ్ళికొడుకుల బయోడేటాలూ, వాటి మధ్య నా ప్రాజెక్టూ బాహాటంగా పడి ఉన్నాయి. ఇతనే అనుకున్నాను.

"అన్నా, నా ఫొటోలు ఎవల్కన్న ఇచ్చినవా?"

"గీ మగ్గం ఫొటోలు ఎవలడుగుతరమ్మా?" అని అతను నవ్వాడు. "ప్రాజెక్టు మొత్తం అయినంక చెప్పు, వచ్చే ఏడు పిల్లలకు అమ్మి పెడ్త."

ఫైళ్ళన్నీ నా ముందే చెరిపించి వచ్చాను. కానీ దారిలో నా కోపానికి ఒక అడ్డం తగిలింది. నేను ఫొటోలు తీసి కొద్దివారాలే. ఆలోపల డిజైన్ ఎక్కడికో పోయి, బట్ట మీద అచ్చయి, నైటీలు కుట్టి, మూటలు కట్టి, మోత్కూరు అంగడి దాకా వస్తాయా? ఈ లెక్క బట్టల దుకాణంలో పనిచేసేవాడికి తెలియాలి. ఇంట్లో అన్నం తింటున్నప్పుడు బాపును అడిగాను.

"బాపూ, ఒక డిజైను సూరత్‌ల అచ్చయి, నైటీ కుట్టి మన అంగడి దాక రావాల్నంటె ఎన్నొద్దులు వడ్తది?"

బట్టల గురించి అడిగితే బాపు ఆపడు. దారం ఎక్కడిది, రంగు ఎక్కడిది, మూట ఏ లారీలో వచ్చింది, అంతా చెబుతాడు. ఆరోజు "నాకేమెర్క" అని, పప్పు కలిపిన అన్నం పళ్ళెంలో అలాగే వదిలి చెయ్యి కడుక్కున్నాడు. అత్త నన్ను తిట్టి పంపిన సంగతి చెప్పినప్పుడు కూడా ఆయన ఒక్క మాట అనలేదని నాకప్పుడు గుర్తొచ్చింది. చెల్లెలు తన కూతుర్ని దొంగ అంటే, ఫోన్ చేసి ఎందుకన్నావని అడగని అన్న ఉంటాడా? సొంత తండ్రి మీద అనుమానం రావడం ఎంత రోతగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

రెండు రోజులాగి, చెప్పకుండా మధ్యాహ్నం దుకాణానికి వెళ్ళాను. నన్ను చూడగానే బాపు లేచి, కౌంటర్ చివరకు జరిగి, ఒక కుప్పకు అడ్డంగా నిలబడ్డాడు. చీరలు మడతపెట్టే మనిషికి నైటీల కుప్ప దగ్గరేం పని? ఆయన పక్క నుంచి మామిడి చిగురు రంగు కనబడుతూనే ఉంది.

"బాపూ, జర ఫోనియ్యి."

ఎందుకని అడగలేదు. జేబులోంచి తీసి ఇచ్చాడు.

అందులోని ఫొటోల్లో దసరా దాకా వెనక్కి పోయాను. మండపంలో అమ్మవారు. మా అత్త నేసిన నెమళ్ళ చీర. మెడలోంచి జారి చీర మీద అడ్డంగా పడిన బంతిపూల దండ. ఆ దండ సరిగ్గా నెమళ్ళ కాళ్ళను కప్పేసింది. ఫొటోలో చూస్తే నెమళ్ళ కింద నారింజ రంగు బొట్ల వరసలాగే ఉంది. అచ్చు కొట్టినవాడెవడో పూలను కూడా డిజైన్ అనుకున్నాడు. అత్త స్టేటస్‌లో పెట్టుకున్న ఆ ఫొటోను బాపు దుకాణం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కింద "మా చెల్లె నేసిన చీర, చూడుండ్రి" అని రాసుకున్నాడు. ఆ గ్రూపులో ఏజెంట్లున్నారు, మూటలు పంపేవాళ్ళున్నారు, ఎవరో తెలియని నంబర్లు ఎన్నో ఉన్నాయి.

"మూట ఇప్పిన నాడే గుర్తువట్టిన బిడ్డా" అన్నాడు బాపు, నేల చూస్తూ.

"మరి అత్త నన్ను దొంగ అంటుంటె ఎట్ల ఊకున్నవ్?"

"నువ్వు పిల్లవు. నీ మీద నాల్రోజులు అలుగుతది, మళ్ళ దగ్గరికి దీస్తది. నా మీద అలిగితె ఇగ రాఖీ గట్టది."

బాపు మీద అంత కోపం నాకు అంతకుముందు రాలేదు, తర్వాతా రాలేదు. గర్వపడి చేశాడు, డబ్బుకు ఆశపడి చేయలేదు, నాకు తెలుసు. కానీ ఆ గర్వానికి అయిన నష్టాన్ని తెచ్చి నా నెత్తిన పెట్టి తను తప్పుకున్నాడు. ఇంటికి పోయేదాకా ఆయన నా వెనక నడిచాడు, నేను తిరిగి చూడలేదు.

మోత్కూరు బస్సులో కూర్చుని ఏం చెప్పాలా అని ఎన్నో విధాలుగా అనుకున్నాను. నేను దొంగను కానని చెప్పాలి. బాపు పేరు మాత్రం నా నోటితో చెప్పకూడదు. ఆయన మీద జాలితో కాదు. అన్నాచెల్లెళ్ళ మధ్య నా మాట అడ్డంగా కూర్చుంటే నాకూ మంచిది కాదని. ఈసారి అరుగు దగ్గర ఎవరూ అడగకుండానే నా ఫోను పళ్ళెంలో పెట్టి లోపలికి పోయాను. అత్త లేవలేదు.

"అత్తా, నీ ఫోన్ల దసరా ఫొటో ఉంటది, తియ్యి. అమ్మవారికి మీ చీర కట్టినది."

"ఎందుకు?"

"తియ్యి, జెప్త."

తీసింది. నేను నైటీ పరిచి, ఫోను పక్కన పెట్టాను. నారింజ బొట్ల మీద వేలు పెట్టి, తర్వాత దండ మీద పెట్టాను. అత్త ఫొటోను, నైటీని మార్చి మార్చి చూసింది. మామ మగ్గం గుంటలోంచి లేచి వచ్చి వంగి చూశాడు.

"బంతిపూలు" అన్నాడు. ఆ నెల మొత్తంలో ఆయన మాట్లాడగా నేను విన్నది ఆ ఒక్క మాటే.

"అమ్మవారి మీద నింద ఏస్తవా?" అంది అత్త, గొంతులో బలం లేకుండా.

"అమ్మవారేం జేసింది? ఫొటో జేసింది. మగ్గాలకు దుప్పట్లు గప్పిండ్రు, ఆమెను మాత్రం వాడంత ఫొటో కొట్టి పంచుకున్నరు. నువ్వు గుడ స్టేటస్ వెట్టుకున్నవ్."

"నా స్టేటస్ ఎవలు జూస్తరే? పాలామె జూస్తది. కూరగాయలాయిన జూస్తడు. మా అన్న..."

అక్కడ ఆగింది. నైటీని మెల్లగా మడత పెట్టడం మొదలుపెట్టింది. మడత పెట్టి, దాని మీద అరచెయ్యి ఆనించి, నా వంక చూడకుండా అడిగింది.

"మీ బాపు దుకాణంల నైటీలు అమ్ముతరా?"

బస్సులో ఎన్ని అబద్ధాలు సిద్ధం చేసుకున్నానో, ఒక్కటీ నోటికి రాలేదు. "అమ్ముతరు" అన్నాను.

ఇంకేమీ అడగలేదు. తర్వాత లేచి, ఒక మగ్గం మీది దుప్పటి లాగి మూలకు విసిరింది. "కూసో. ఏడిదాక రాసినవ్?" అంది. కన్నీళ్ళు ఆపుకోవడానికి పెన్ను కోసం సంచీలో వెతుకుతున్నట్టు నటించాను.

పేపర్ పూర్తయింది. అందులో అత్త పేరు రాయలేదు. తను వద్దన్నదని కాదు, ఇక ఎవరి పేరూ ఎక్కడా పెట్టాలంటే నాకే భయం పట్టుకుంది. కొత్త డిజైన్ ఎప్పుడు బయటికి పోతుందన్న దాని మీద ఒక అధ్యాయం చేర్చాను. వైవాలో మేడం దాన్నే పట్టుకున్నారు.

"పండుగ ఫొటోల నుంచి డిజైన్లు పోతున్నాయని రాశావు. ఆధారమేది?"

సంచీలోంచి నైటీ తీసి బల్ల మీద పెట్టాను. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు. మేడం నవ్వలేదు. నైటీ తిరగేసి, కుట్లు చూసి, లోపలి లేబుల్ చదివి, దసరా ఫొటో ప్రింటుతో పక్కపక్కన పెట్టి చూసి, కళ్ళజోడు దించారు. "ఇది మాత్రం కాపీయే" అన్నారు. మంచి మార్కులే వేశారు.

ఆగస్టులో రాఖీ పౌర్ణమి వచ్చింది. ప్రతి ఏడూ అత్తే నల్లగొండ వచ్చి బాపుకు రాఖీ కట్టి, సాయంత్రం బస్సుకు పోయేది. ఆ ఏడు రాలేదు. మగ్గం మీద పని తెగడం లేదని, అన్ననే రమ్మని నాకు ఫోన్ చేసి చెప్పింది. బాపు ఆ కబురును నాతో మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు. కోపంగా అందా, మామూలుగా అందా, వెనక మామ ఏమైనా అన్నాడా అని పీక్కుతిన్నాడు. "నువ్వేమన్న జెప్పినవా?" అని అడిగాడు. అత్త దుకాణం గురించి అడిగిందని నేను చెప్పలేదు. నేను నీ పేరు చెప్పలేదన్నాను. అది నిజమే. నమ్మాడో లేదో తెలియదు.

ఇద్దరం కలిసే పోయాం. బాపు కొత్త చొక్కా వేసుకున్నాడు. చెల్లెలికి పెట్టడానికి చీర తీసుకుని, నచ్చక దుకాణానికి తిరిగి పోయి మార్చుకున్నాడు. వీధి మొదట్లో నాకు దగ్గు వినబడుతుందేమోనని చెవులు రిక్కించాను. ఎవరూ దగ్గలేదు. మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి.

అత్త పళ్ళెంలో రాఖీ, కుంకుమ, మిఠాయి పెట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. పట్టుచీర కట్టుకుంది, తల్లో పూలు పెట్టుకుంది. బాపు మొహం విప్పారింది. చెప్పులు విడిచి గడప మీద కాలు పెట్టబోయాడు.

"అన్నా" అంది అత్త, నవ్వుతూనే. "ఫోను అరుగు మీద వెట్టి లోపలికి రా."

బాపు కాలు వెనక్కి తీసుకున్నాడు. జేబులోంచి ఫోను తీసి సత్తు పళ్ళెంలో పెట్టాడు. ఎందుకని అడగలేదు. తలవంచుకుని లోపలికి పోయి, మగ్గం పక్కన పీట మీద కూర్చుని చెయ్యి చాపాడు. అత్త రాఖీ కట్టింది.

నా ఫోను నా చేతిలోనే ఉంది. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.